దిల్‌సుఖ్‌నగరు చదువులు, కాకినాడ పాఠము

హైదరాబాదు నగరపు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగరు మెట్రో నిలయమున దిగి, మెట్లమీదనే ఒక నిమిషము నిలిచి చుట్టును చూచినవారికి ఆకాశముకంటె ముందుగా బోర్డులు కానవచ్చును. బ్యాంకు పరీక్షలు, పోలీసు పరీక్షలు, ఉపాధ్యాయ పరీక్షలు, గ్రూపు పరీక్షలు, కంప్యూటరు భాషలు, ఇంగ్లీషు సంభాషణము. ఒక్కొక్క మేడకు అయిదారు బోర్డులు. మేము గతమాసమున ఒక సాయంకాలము అచటినుండి చైతన్యపురి వరకు నడచుచు వీనిని శ్రద్ధగా చదివితిమి. కొలువునకు పనికివచ్చు విద్య యేది కావలసినను అచట దొరకును. తన కొలువును తానే కల్పించుకొనుట యెట్లో నేర్పుదుమను బోర్డు ఒక్కటియు మా కంటబడలేదు.

ఇందు ఒక వింత కలదు. ఆ బోర్డులు గట్టినవారెవరును కొలువుగాండ్రు కారు. మేడమీద గది కిరాయికి తీసికొని, నలుబది కుర్చీలు వేసి, పాఠము చెప్పువానికి జీతమిచ్చి, లాభనష్టములకు తామే పూచీపడినవారు. ఆ కుర్చీలలో కూర్చుండు బాలుర నాశ్రయించి హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్సు దుకాణములు, పాత పుస్తకముల బండ్లు, ఇడ్లీ బండ్లు బ్రతుకుచున్నవి. ఆ పేటయే యొక భూస్వామి సాహసమువలన బుట్టినదని చెప్పుదురు. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అను నాతడు తన సేద్యపు భూమిని ప్లాట్లుగా విభజించి విక్రయింపగా, ఆయన పేరే పేటకు నిలిచినదట. ఇట్లు మొదటినుండి చివరివరకు స్వయంకృషిచే నిలిచిన యీ ప్రదేశమున, వేలకొలది యువకులు ఇతరులక్రింద పనిచేయుట యెట్లో నేర్చుకొనుచున్నారు.

వారెచ్చటివారో మన పాఠకులు ఎరుగనిది కాదు. విజయవాడ బాటపై ఎల్.బి. నగరు దాటి వచ్చు బస్సులనుండి ప్రతిదినము దిగువారిని చూచిన దెలియును. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము ప్రాంతముల రైతుబిడ్డలు, చిన్న పట్టణముల వర్తకుల కుమారులు, ఇప్పుడు కుమార్తెలును. వీరి ముందున్న ద్వార మెంత యిరుకో ఒక్క లెక్క చాలును. 2022లో తెలంగాణ రాష్ట్రమున ప్రప్రథమముగా వెలువడిన గ్రూపు-1 ప్రకటనలో 503 కొలువులుండగా, దరఖాస్తులు 3 లక్షల 80 వేలు వచ్చినవి. కొలువొక్కటికి 750 మందికి పైబడి! పిమ్మట ప్రశ్నపత్రములు బయటపడుటచే 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయినది. జూనులో మరల జరిపినదియు హైకోర్టు తీర్పుచే రద్దయినది. 2024లో క్రొత్త ప్రకటన వెలువడునప్పటికి, మొదటి పరీక్షకు చదివిన బాలునకు రెండేండ్ల వయస్సు పెరిగెను. తండ్రికి రెండేండ్ల అప్పు పెరిగెను.

ఆ సాయంకాలమే ఒక శిక్షణాలయపు మెట్లమీద, దేవరకొండ ప్రాంతపు రైతొకరు మాకు పరిచితులైరి. ఆరెకరముల ఆసామి. కుమారుని ఫీజు కట్టవలయునా మానవలయునా యని తేల్చుకొనలేక కూర్చుండి యున్నారు. కుమారుడు పట్టభద్రుడై మూడేండ్లుగా దిల్‌సుఖ్‌నగరు హాస్టలులో నుండి పరీక్షలు వ్రాయుచున్నాడు. హాస్టలునకు నెలకు 6 వేల రూపాయలు. మూడేండ్లకు 2 లక్షల 16 వేలు. ఫీజులును పుస్తకములును వేరు. ఇప్పుడా కుమారుడు పరీక్షలు చాలునని చెప్పి, హాస్టళ్ళ సందులో బట్టలుతుకు దుకాణము పెట్టెదనని తండ్రిని అడుగుచున్నాడు. సందులోని హాస్టళ్ళను తానే తిరిగి లెక్కించినాడట. ఒక్కొక్కదానిలో ఎందరున్నారో, వారమునకు ఎన్ని జతలు విప్పుదురో, ఎండకాలమున నీళ్ళ ట్యాంకరు వెల యెంతో, అంతయు ఒక నోటుపుస్తకమున వ్రాసినాడట. రెండు యంత్రములకును గది అడ్వాన్సునకును కలిపి 1 లక్షా 20 వేలు కావలెను. పొద్దుటిపూట ఒక దుకాణమున లెక్కలు వ్రాసి 40 వేలు తానే కూడబెట్టినాడు. తండ్రిని అడిగినది 80 వేలు.

“ఇయ్యనంటిని సారూ,” అనిరి ఆ రైతు. “సదువుల వెట్టిన పైసలు పోతే ఎవ్వరు నవ్వరు. దుకాణంల వెట్టి పోగొడితే ఊరంత నవ్వుతది. అందుల బట్టలుతికే దుకాణమాయె.”

ఈ మాటను మేము తేలికగా తీసివేయజాలము. ఇందు ధనభయముకంటె నగుబాటు భయమే హెచ్చు. పరీక్ష తప్పినవానికి మన సంఘము సానుభూతి చూపును. అంగడి మూసినవానికి చూపదు. ఇక బట్టలుతుకుట యను మాటయందలి సంకోచము కులమునుండి వచ్చినది. దానిని దాచిపెట్టి ప్రయోజనము లేదు. దక్షిణాఫ్రికాలో న్యాయవాదిగా నుండిన గాంధీ మహాత్ముడు తన కాలరును తానే యుతికి గంజిపెట్టుకొని కోర్టునకు పోగా, తోడి న్యాయవాదులు నవ్విరని ఆయనయే ఆత్మకథలో వ్రాసికొనెను. ఆయనకు ఆ నవ్వువలన నష్టమేమియు గలుగలేదు. మహాత్ముని పటము గోడకు గట్టుకొన్న యిండ్లలోనే ఈ సంకోచ మింకను దిట్టముగా నున్నది.

‘ఉద్యోగము పురుషలక్షణము’ అని మనవా రందురు. సంస్కృతమున ఉద్యోగమనగా ప్రయత్నము, పూనిక. ఆ మాట తెనుగునకు వచ్చి, ఏ కచ్చేరీ యోగమో పట్టి, నెలజీతమునకు పర్యాయపదమైనది! కౌటిల్యుడు రాజపుత్రునకు నేర్పవలసిన విద్యలు నాల్గని చెప్పి అందు ‘వార్త’ను ఒకటిగా లెక్కించెను. వార్త యనగా కృషి, పశుపాలనము, వాణిజ్యము. తర్కమును వేదములును దండనీతియు నేర్పిన చోటనే దీనిని నేర్పవలెనని ఆయన మతము. మన విద్యాలయములలో ఆ నాల్గవ పీట ఎప్పుడు తీసివేయబడినదో గాని, ఇప్పుడు దానికి సరియైన తెనుగు పేరైనను లేదు. ‘పెట్టుబడిదారు’ అన్న ధనవంతుడను అర్థమే వచ్చును. ‘పారిశ్రామికవేత్త’ యన్న పెద్ద పొగగొట్టము మనస్సునకు వచ్చును. పల్లెలో మాత్రము ‘వాడు సొంతంగ పెట్టుకున్నడు’ అందురు. మాకీ మాటయే నచ్చినది.

సొంతముగా పెట్టుకొనుట యొకరు నేర్పిన వచ్చునా? ‘కులవిద్యకు సాటి లేదు’ అని పెద్దలు తలపంకింతురు. వ్యాపారము పుట్టుకతోడ రావలెననియు, తక్కినవారికి అబ్బదనియు వారి నమ్మకము. ఈ నమ్మకమును పరీక్షకు బెట్టిన చోటు మన తెలుగుదేశమే యని చెప్పిన పాఠకులలో ననేకులు ఆశ్చర్యపడవచ్చును.

దిల్‌సుఖ్‌నగరున మెట్రో యెక్కి, అమీర్‌పేటలో బండి మారి, యూసుఫ్‌గూడలో దిగినచో, చిన్న పరిశ్రమల శిక్షణకై కేంద్రప్రభుత్వము నెలకొల్పిన జాతీయ సంస్థ యొకటి కలదు. ఇది 1960లో ఢిల్లీలో ఆరంభమై 1962లో హైదరాబాదునకు వచ్చినది. ఆ రోజులలోనే హార్వర్డు విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రాచార్యుడైన డేవిడ్ మెక్‌క్లెలండ్ ఒక సిద్ధాంతము ప్రతిపాదించుచుండెను. దేశముల అభివృద్ధికి ధనము, యంత్రములు మాత్రమే కారణములు కావు. చేసిన పనిని ముందటికంటె మెరుగుగా చేయవలెనను కాంక్ష జనులలో నెంత గలదనునదియు కారణమే యని ఆయన వాదము. 1961లో వెలువడిన తన గ్రంథమున, నానాదేశముల పిల్లల వాచకములలోని కథలను గూడ ఆయన ఇందులకై తూచి చూచెను. అట్లయిన ఆ కాంక్షను పెద్దవారికి నేర్పవచ్చునా? దీనిని తేల్చుటకు ఆయన ఎన్నుకొన్న పట్టణము కాకినాడ.

1964, 1965 సంవత్సరములలో కాకినాడకు చెందిన 52 మంది, పెక్కురు వ్యాపారస్థులే, ఈ సంస్థ ఆధ్వర్యమున పది దినముల చొప్పున జట్లు జట్లుగా శిక్షణ పొందిరి. ఏమి నేర్పిరో చూడదగినది. ఋణము లియ్యలేదు. యంత్రములు చూపలేదు. ఆ శిక్షణలో ప్రసిద్ధమైనదొకటి కడియముల ఆట. నేలపై ఒక మేకు నిలిపి, దానిపై కడియము విసరవలెను. ఎంత దూరమునుండి విసరవలయునో విసరువాని యిష్టము. మేకు ప్రక్కనే నిలిచి వేసిన తప్పదు, గాని గొప్పలేదు. గది చివరనుండి వేసిన తగులుట దైవాధీనము. కొందరు మాత్రము, గురి కుదిరిన తగులుననియు కుదరనిచో తప్పుననియు తోచు నడిమి దూరమును వెదకి నిలుతురు. తప్పినచో అడుగు ముందునకు, తగిలినచో అడుగు వెనుకకు జరుగుదురు. వ్యాపారమున కావలసిన బుద్ధి యిదియే గాని జూదరి తెగువ కాదని ఆచార్యుని బోధ. ఇంకను, చిత్రములను చూపి కథలు వ్రాయించి, ఆ కథలలోని మనుష్యులు ఏమి కోరుచున్నారో, ఏ యాటంకమును ఎట్లు దాటుచున్నారో తామే విమర్శించుకొనునట్లు చేసిరి. తుదకు ఒక్కొక్కరు తమ వ్యాపారమున సాధింపవలసినదానిని కొలతకు వచ్చునట్లు కాగితముపై వ్రాసి తోడివారికి వినిపించిరి.

పిమ్మట రెండేండ్లు వారిని గమనించిరి. పోల్చి చూచుటకు శిక్షణ పొందని వర్తకులను గూడ, రాజమహేంద్రవరమువారితో సహా, లెక్కలోనికి దీసికొనిరి. ఇట్టి పోలిక లేని ప్రశంసలు మనకు కొల్లలు గనుక ఈ విషయమును ప్రత్యేకముగా చెప్పుచున్నాము. శిక్షణానంతరము కాకినాడవారిలో సుమారు సగము మంది క్రొత్త పనులు తలపెట్టుటలోను ఉన్నవానిని పెంచుటలోను విశేషమైన చురుకుదనము చూపిరి. శిక్షణ లేనివారిలో అట్టివారు నాల్గవ వంతు మాత్రమే. మెక్‌క్లెలండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ 1969లో ప్రకటించిన గ్రంథమున ఈ ఫలితము లన్నియు గలవు. ప్రపంచమున ఈ శాస్త్రము చదువు ప్రతివాడును కాకినాడ పేరు ఎరుగును. కాకినాడలో ఎందరెరుగుదురో!

ఆ గ్రంథమున మాకు మిక్కిలి ముఖ్యముగా తోచినది వేరొకటి. శిక్షణ పొందినవారందరు ఒకేతీరున మారలేదు. తమ వ్యాపారమున నిర్ణయాధికారము తమ చేతిలో గలవారియందే మార్పు ప్రస్ఫుటమైనది. తండ్రి గల్లాపెట్టె వద్ద కూర్చుండగా ప్రక్కను నిలిచియుండు కుమారులకు ఉత్సాహము కలిగినను దానిని వినియోగించు చోటు లేకపోయెను. కావుననే ఈ వ్యాసమును బాలురకుగాక తండ్రులకు వ్రాయుచున్నాము.

ఈ ప్రయోగమునకు గల పరిమితులను కప్పిపుచ్చరాదు. 52 మంది పెద్ద సంఖ్య కాదు. వారిలో పెక్కురు అదివరకే ఏదో వ్యాపారమున నున్నవారు. దిల్‌సుఖ్‌నగరు బాలునివలె రిక్తహస్తులు కారు. ఉత్సాహ మొక్కటియే చాలునన్న, దానితోపాటు లెక్కలు, సరుకు, బజారు తెలియనివాడు త్వరగా చెడును. గుజరాతువారు ఈ లోపమును గుర్తెరిగి, 1970 ప్రాంతమున ఉత్సాహశిక్షణకు పథకరచన, ఋణసహాయము, నిర్వహణ విద్య జతచేసి, జీతగాండ్రను గూడ స్వంత పరిశ్రమలకు మరల్చిరి. ఆ కృషి ఫలముగా 1983లో అహమ్మదాబాదున దీనికే ప్రత్యేకమైన జాతీయ సంస్థ వెలసినది. కాకినాడలో మొలచిన నారును గుజరాతులో నాటిరన్నమాట! కన్నడదేశమున 1982లో ధర్మస్థల సమీపమున ఉజిరెలో రెండు బ్యాంకుల తోడ్పాటుతో ఆరంభమైన శిక్షణాలయము, తరువాత జిల్లాకొక్కటిగా నెలకొన్న గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలకు మాతృకయైనది. వానిలో పల్లెటూరి యువకులకు భోజనవసతులతో ఉచితముగా నేర్పి, తరువాత రెండేండ్లు వెన్నంటి చూచు పద్ధతి కలదు. మేము దిల్‌సుఖ్‌నగరున పలుకరించిన డజను మంది బాలురలో ఒక్కడును దీనిని వినియుండలేదు.

మనకును ఈ సంప్రదాయము లేకపోలేదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించినప్పుడు అక్షరముల ప్రక్కనే చేతిపనిని గూడ నిలిపిరి. పట్టాభిగారే 1923లో ఆంధ్రా బ్యాంకును ప్రారంభించిరి. అది 2020లో వేరొక బ్యాంకున విలీనమైనది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము తయారుచేసి, ఆ డబ్బీలమీద వచ్చిన ధనముతో పత్రిక నడిపిరి. తలనొప్పి మందు అమ్ముట తక్కువ పనియని ఆయన తలచియుండినచో తెనుగువారికి ఆంధ్రపత్రిక దక్కియుండెడిదా?

అయినను పుస్తకములలో లేని పాఠము కొంత కలదు. దానిని దిల్‌సుఖ్‌నగరు సందులే చెప్పును. ఒక సందులో మెస్సు నడుపు నిల్లాలిని, మీకీ పని యెవరు నేర్పిరమ్మా యని అడిగితిమి. “నేర్సుకునుడేంది సారూ! పస్టు నెల ముప్పై మందికి వండిన. ఇరవై మందే పైసలిచ్చిన్రు. రెండో నెలకెళ్ళి ముందుగాల పైసలు కడితేనే కార్డు ఇస్తున్న” అని ఆమె చెప్పెను. పది మంది బాకీ ఎగవేసిన ఆ నెలయే ఆమె పాఠశాల. వాణిజ్యశాస్త్రపు పట్టభద్రులకు పుస్తకములో అరపుట తీసికొను విషయము ఆమెకు నెలరోజులలో తెలిసినది.

మరల, ఆ సందులే నేర్పని పాఠమును గలదు. తోపుడుబండ్లవారు ‘గిరిగిరి’ యప్పు తీసికొందురు. ఋణదాత 9 వేలు చేతికిచ్చి దినమునకు 100 చొప్పున నూరు దినములు వసూలు చేయును. వేయి రూపాయలేగదా వడ్డీ యని బండివాడు తలచును. గాని మొదటి దినమునుండియే అసలు తిరిగిపోవుచుండుటచే, సగటున అతని చేతిలో నుండునది 4,500 మాత్రమే. దానిపై నూరు దినములకు 1,000 అనగా సంవత్సరమునకు నూటికి 80 వడ్డీ! ప్రభుత్వము 2015లో ముద్ర ఋణములను, 2020లో వీథివర్తకులకు మొదటి విడత 10 వేల ఋణమును ప్రవేశపెట్టినది. బ్యాంకునకు పోవుటకు బండివానికి ఒకపూట బేరము పోవును. ఋణదాత బండివద్దకే వచ్చును. ఈ లెక్కను పలకమీద వేసి చూపుటకు ఒక సాయంకాలము చాలును. చూపువారే లేరు.

కావున మేము కోరునది పెద్ద భవనములు కావు. 2015లో టి-హబ్, 2018లో స్త్రీలకై వి-హబ్ వెలసినవి, మంచిదే. గాని వాని మేడలు నగరపు పడమట నున్నవి, భాషయు తరచుగా ఇంగ్లీషు. బట్టలుతుకు దుకాణము పెట్టదలచిన దేవరకొండ బాలుడు ఆ గుమ్మము తొక్కుటకు సిగ్గుపడును. యూసుఫ్‌గూడ సంస్థవారు వారమున రెండు సాయంకాలములు దిల్‌సుఖ్‌నగరునకు రావలెను. పరీక్షల శిక్షణాలయములలో రాత్రి ఎనిమిది తరువాత ఖాళీ గదులు దొరకకపోవు. తెలుగులో నేర్పవలెను. చిట్టా వ్రాయుట, ధర కట్టుట, బాకీ వసూలు, కిరాయి ఒడంబడిక, లైసెన్సు, బ్యాంకు కాగితములు, వీనితోపాటు ఆ కడియముల ఆటయు. పాఠము చెప్పువారిలో మెస్సు నడుపు ఆ యిల్లాలు ఒకరై యుండవలెను. రెండేండ్ల పిమ్మట, నేర్చినవారిని నేర్వనివారితో పోల్చి ఫలితమును ప్రకటింపవలెను. కాకినాడకు చేసినది దిల్‌సుఖ్‌నగరునకు ఏల చేయరాదు?

స్త్రీల విషయము ఒక్కమాట. హైదరాబాదులో 1993లో మహిళా పారిశ్రామికుల సంఘము ‘ఎలీప్’ స్థాపితమై, గాజులరామారమున స్త్రీల చేతనే నడుపబడు పరిశ్రమల వాడను నెలకొల్పినది. ‘పురుషలక్షణ’ మన్నవారు ఒకమారు అచటికి పోయి చూడవచ్చును.

ఇక తండ్రుల విషయము. చదువునకు లక్షలు పెట్టువారు అంగడికి వేలు పెట్టుటకు వెరచుట మేము పలుచోట్ల చూచుచున్నాము. పెట్టిన పిదపను, ప్రతిదినము లెక్క అడిగి, ఏ సరుకు తేవలయునో తామే చెప్పి, కుమారుని గుమాస్తాగా మార్చువారు మరికొందరు. పెట్టదలచిన మొత్తము పోయినను కుటుంబము నిలుచునంతగా నుండవలెను. ఒకమారు ఇచ్చిన పిదప ఏడాదిపాటు నిర్ణయము కుమారునికే విడువవలెను. నెలకొకమారు మాత్రము చిట్టా చూడవలెను. అప్పులేనివాడు అధిక సంపన్నుడను సామెత మీద పెరిగిన ఆసాములకు ఇది కష్టమే. విత్తనము చల్లిన రైతు మొలక వచ్చినదో లేదో యని ప్రతి ఉదయము మట్టి త్రవ్వి చూడడుగదా.

దేవరకొండ రైతుగారికి మేము కాకినాడ సంగతియు, కడియముల ఆటయు చెప్పితిమి. మీ కుమారుడు మేకు ప్రక్కనను నిలువలేదు, గది చివరనను నిలువలేదు. హాస్టళ్ళు లెక్కించి, తన 40 వేలు ముందుబెట్టి, నడిమి దూరమున నిలిచినాడంటిమి. ఆయన చాలసేపు మాటాడలేదు. పిదప, నోటుపుస్తకమున నీళ్ళ ట్యాంకరు ఖర్చు ఎంత వ్రాసినాడో తనకు జ్ఞాపకము లేదనియు, ఎండకాలమున దిల్‌సుఖ్‌నగరులో నీటికి చాల కటకటయనియు, దానిని మరల ఒకమారు కొడుకుతో కూర్చుండి చూడవలెననియు చెప్పిరి. ఆ దినము ఫీజు కట్టలేదు. చేతిసంచి చంక నిడుకొని కుమారుని హాస్టలున్న సందువైపు నడచిరి.